రెప్ప వాలితేనే పాట ఖాయం

ఫిజియోథెరపీ చదువుకుంటున్న పిల్లలు ఈ మధ్య నన్నొక సభకి పిలిచి, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి మేడమ్ అన్నారు. చెబుదామని లేచాను. నాకు ముందు మాట్లాడినాయన తన సమయంతో పాటు నా సమయం కూడా వాడేసుకున్నాడు. నేను రెండు మాటలు అనేసరికి అధ్యక్షులవారు చేతి గడియారం చూపించి కూర్చోబెట్టేశారు. అందుకే రాస్తున్నాను. కాగితం మీద నాకెవరూ గడియారం చూపించలేరు.

నేను పనిచేసింది పలాసకీ టెక్కలికీ మధ్య, హైవే పక్కనున్న ఒక ట్రస్టు ఆసుపత్రిలో. దాని పేరు రాయను. వాళ్ళు నా గది తలుపు మీద నా పేరు రాయించలేదు, నేను వాళ్ళ పేరు ఎందుకు రాయాలి. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. అటువైపు ఫిజియోథెరపీ అంటే ఏమిటో తెలిసినవాళ్ళు లేరు. నా గదిలో ఒక చిన్న కరెంటు మెషీను ఉండేది కాబట్టి నన్ను కరెంటమ్మ అనేవారు. ఆ గది జనరేటరు పక్కన ఉండేది. కరెంటు పోయి జనరేటరు మొదలైతే నేను చెప్పేది రోగికి వినబడేది కాదు, రోగి మూలిగేది నాకు వినబడేది కాదు. సోమవారం మీటింగులో డాక్టర్లందరికీ టీ వచ్చేది, నాకు వచ్చేది కాదు. అడిగితే సూపరింటెండెంటు గారు, "మీరు తాగుతారనుకోలేదమ్మా" అన్నారు. ఎందుకు అనుకోలేదో ఆయన పోయేదాకా చెప్పలేదు. తర్వాతి వారం నుంచి నాకూ టీ వచ్చింది కానీ, రిటైరయ్యేదాకా ఆ ఆసుపత్రిలో నేను టీ ముట్టలేదు.

సరే, కేసు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఉదయం మా అటెండరు ఒక మనిషిని రెక్క పట్టుకుని నా గదిలోకి తోసుకొచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. వెడల్పాటి ఛాతీ, లుంగీ, మెడలో తువ్వాలు. వెనకాల ఆయన భార్య.

"మేడమ్, డాక్టరు గారు చూసేసి మీ దగ్గరికి పంపారు. కానీ ఈ మనిషి మంచోడు కాదు. ఓపీలో సిస్టరుకి కన్ను కొట్టాడు. ఎందుకు కొట్టావని అడిగితే నాకూ కొట్టాడు" అన్నాడు అటెండరు.

"నానేటి సేసినాను. తిన్నగ సూసినాను, అంతే" అన్నాడాయన. అంటూ నాకూ కన్ను కొట్టాడు.

భార్య కొంగుతో మొహం తుడుచుకుంది. "నిన్న పొద్దున్నించీ ఇదే వరస డాట్రమ్మా. బస్సుల కండక్టరుకి కొట్టినాడు. మా యారాలికి కొట్టినాడు. నాకు మాత్రం, పెళ్ళయినకాడ్నించీ ఒక్కపాలి కొట్టినోడు కాడు."

ఆయన్ని కూర్చోబెట్టి, కనుబొమలు పైకెత్తమన్నాను. నుదుటి మీద ఎడమ సగంలో ముడతలు పడ్డాయి. కుడి సగం ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉండిపోయింది. పళ్ళు చూపించమంటే నోరు ఎడమ చెవి వైపు పరుగెత్తింది. కళ్ళు మూయమంటే ఎడమ కన్ను మూసుకుంది. కుడి కన్ను తెరిచే ఉంది, లోపల గుడ్డు మాత్రం పైకి తిరిగి తెల్లగా కనబడింది.

పిల్లలూ, ఇది మీకు పుస్తకంలో ఉంటుంది. మొహాన్ని కదిలించే నరం చెవి వెనక ఎముకలో ఒక సన్నని సందులోంచి వస్తుంది. అక్కడ అది వాచిందంటే ఇరుక్కుంటుంది, ఆ వైపు మొహమంతా పని మానేస్తుంది. పక్షవాతంలోనైతే చాలావరకు నుదుటి ముడత మిగులుతుంది. ఇక్కడ నుదురు కూడా పోతుంది. కన్ను కొట్టాడని ఊరంతా అనుకున్నది కన్ను కొట్టడం కాదు. మనమందరం రెప్పలార్పినట్టే ఆయనా ఆర్పుతున్నాడు. రెండు రెప్పల్లో ఒకటే వాలుతోంది. మా డాక్టరు గారు ఆ సంగతి కనిపెట్టి మాత్రలు సరిగ్గానే రాశారు, కంట్లో చుక్కలు కూడా రాశారు. ఆ విషయంలో ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. మిగతా విషయాల్లో ఉంది.

ఇదంతా నేను అటెండరుకి వివరించాను. అతను విని, "అయితే సిస్టరుకి ఏం చెప్పమంటారు" అన్నాడు.

"ఇంతకీ ఏం పని చేస్తావు?" అని ఆయన్ని అడిగాను. ఆ జవాబు వినేదాకా నాకు అది మామూలు కేసే.

ఆయనది సోంపేట దిగువన, కొబ్బరి తోటలు దాటాక వచ్చే ఒక చేపలవాళ్ళ ఊరు. పడవలు ఒడ్డుకి రాగానే ఇసకలో చేపలు కుప్పలు పోసి వేలం పాడతారు. ఆ వేలం నడిపే మనిషిని పాటగాడంటారు. ఇతనే ఆ ఊరి పాటగాడు, ఇతని కంటే ముందు ఇతని తండ్రి. పలాస నుంచీ ఇచ్ఛాపురం నుంచీ వచ్చే షావుకార్లు ఒకరి పాట ఒకరికి తెలియడం ఇష్టపడరు. అందుకని నోరు విప్పరు. ఒకడు చెవి గోక్కుంటాడు, ఒకడు తువ్వాలు సర్దుకుంటాడు. పాటగాడు అందరి మీదా చూపు తిప్పుతూ, ఎవరి పాట అందితే వాళ్ళ వైపు ఎడమ కన్ను గీటుతాడు. ఆఖరున ఎవరికి గీటాడో కుప్ప వాళ్ళది. తాతల నాటి పద్ధతి. ఆ ఒంటి రెప్పకి కోర్టు తీర్పుకున్నంత విలువ.

ముందు రోజు పొద్దున ఆయన నోరు పుక్కిలిస్తే నీళ్ళు పక్కకి కారాయట. పెద్దగా పట్టించుకోకుండా ఒడ్డుకి వెళ్ళి పాట మొదలుపెట్టాడు. మాట మాటకీ రెప్ప ఆర్పాడు. ఒక వంజరం కుప్ప మీద నలుగురు షావుకార్లు ఒకేసారి చేతులేశారు. నలుగురికీ గీటాడు మరి. కొబ్బరి చెట్టు మొదట్లో ఊరికే కూర్చున్న ఐస్ బండివాడు కూడా తనకో కుప్ప వచ్చిందనుకుని డబ్బాలు దించాడట.

"కొట్టుకున్నారు డాట్రమ్మా. సేపల్తోటే కొట్టుకున్నారు" అంది భార్య. "ఊరి పెద్ద మా తమ్ముణ్ణి నిలబెట్టినాడు పాటకి. ఆడు కంగారు మనిషి, గసబోసుకుంట పాడతాడు. కానీ ఆడికి రెండు కళ్ళూ ఒక్కలాగే మూసుకుంటాయి గదా."

నాలుగు రోజుల్లో వేట ఆగిపోతోంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఎండాకాలంలో మర పడవల్ని ఆపేస్తుంది కదా. మళ్ళీ పడవలు వెళ్ళొచ్చిన మొదటి రోజు ఈయన పాట సరిగ్గా నడపాలి. నడపలేకపోతే పాట శాశ్వతంగా బావమరిదిది. ఊరి పెద్ద మాట అది.

"బాగవుద్దేటి?" అని అడిగాడు ఆయన, నన్ను కాదు, అటెండర్ని. అటెండరు నన్ను చూపించాడు. ఆయన నన్ను పైనుంచి కిందకి చూసి, "పెద్ద డాట్రు లేడా? ఈయమ్మేటి, మొకం పిసుకుద్దా?" అన్నాడు. ఈ మాట నేను మరిచిపోయానని ఎవరైనా అనుకుంటే పొరపాటు.

బాగవుతుందని చెప్పాను. ఈ జబ్బు చాలామందికి తగ్గుతుంది, వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు, తొందరపెడితే చెడుతుంది అని చెప్పాను. కుడి కంట్లో దుమ్ము పడకుండా నల్ల కళ్ళద్దాలు పెట్టుకోమన్నాను. పడుకునేటప్పుడు రెప్ప మెల్లగా దించి పైన పట్టీ అంటించడం భార్యకి నేర్పాను. తర్వాత చిన్న అద్దం ఇచ్చి చూసుకోమన్నాను. ఎడమ చెంప గట్టిగా లాక్కుపోకుండా వేలితో ఆపి, కుడి పెదవి మూల ఆవగింజంత కదిలిస్తే చాలు. ముక్కు పక్క, నుదురు, పెదవి, అన్నీ అంతే, ఆవగింజంత. కన్నుకి మాత్రం ఇంకో కిటుకుంది: ముందు చూపు కిందకి దించాలి, అప్పుడు రెప్ప దానంతట అదే సగం దిగుతుంది, ఆ తర్వాత మెల్లగా మూయాలి. బిగపట్టకూడదు.

వాళ్ళిద్దరూ నన్ను చూశారు, నా మెషీన్ని చూశారు.

"సూది లేదేటి?" అంది భార్య.

"లేదు."

"పోనీ కరెంటన్నా పెట్టవేటి?"

"అవసరం లేదు."

"ఇంత దూరం బస్సెక్కి వొచ్చినాము. అద్దం మా ఇంటికాడా ఉన్నాది."

మర్నాడు సూపరింటెండెంటు గారు పిలిచారు. కరెంటమ్మ కరెంటు పెట్టడం లేదని ఆ భార్య వెళ్ళి ఫిర్యాదు చేసిందట. ఆసుపత్రిలో నా ఫిర్యాదులు ఒక్కటీ విననాయన ఆవిడది కూర్చోబెట్టి మరీ విన్నారు. "వాళ్ళ తృప్తి కోసం కాస్త పెట్టొచ్చు కదమ్మా. మీదేం పోయింది?" అన్నారు. పెట్టనన్నాను. నరం దానంతటది కోలుకోవాలనీ, రోగి తృప్తి కోసం కాదు రోగి మొహం కోసం నాకు జీతమిస్తున్నారనీ అన్నాను. జీతం గురించి మాట్లాడకుండా ఉండాల్సింది, ఆ ఏడు నా ఇంక్రిమెంటు ఆలస్యమైంది.

రెండు వారాలు సరిగ్గా వచ్చారు. తర్వాత మానేశారు. ఒక వారం చూశాను. రోగి రాకపోతే ఊరుకునే రకం కాదు నేను. ఆదివారం టెక్కలిలో బస్సెక్కి, సోంపేటలో దిగి, అక్కడినుంచి ఆటోలో జీడి తోటల మధ్యగా ఆ ఊరు వెళ్ళాను. ఎందుకు మానేశావని అడిగి, నాలుగు చీవాట్లు పెట్టి, మధ్యాహ్నానికి వచ్చెయ్యాలని లెక్క.

వాళ్ళ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. అరుపులు వినబడుతున్నాయి. వలలు ఆరేసే చోట పాటగాడు ఒక స్టూలు మీద కూర్చున్నాడు. బావమరిది వెనక నిలబడి ఆయన కుడి చెంపని రెండు చేతులా పట్టుకున్నాడు. పక్కన ఇంకో ముగ్గురు. ఒకడు నుదురు పైకి తోస్తున్నాడు, ఒకడు గెడ్డం కుడి వైపు లాగుతున్నాడు, మూడోవాడు పట్టు విడవకుండా పాటగాడి భుజాలు నొక్కి పట్టాడు. వల లాగేటప్పుడు అందరూ కలిసి ఒక్క ఊపున అరుస్తారు చూడండి, ఆ అరుపే. ఊపుకొక లాగుడు.

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

"కసరత్తు డాట్రమ్మా. నువ్వు సెప్పిందే" అన్నాడు బావమరిది, చెమట తుడుచుకుంటూ. "నువ్వు ఒక్క ఏలితో సెప్పినావు. మాం నలుగురం పడ్డాము. బేగి తిన్నగవుద్దని."

మీరు నవ్వకండి. వాళ్ళ తప్పు వాళ్ళ వృత్తిలోంచి వచ్చింది. పడవ ఇసకలో కూరుకుంటే ఊరంతా కలిసి లాగుతారు. వల బరువైతే ఊరంతా కలిసి లాగుతారు. మనిషి మొహం ఒక పక్కకి పోతే రెండో పక్కకి లాగాలి కదా. పైగా ఆ బావమరిదికి, బావ బాగుపడకపోతే పాట తనకొస్తుందన్న ఆలోచన ఉన్నట్టే లేదు. అందరికంటే గట్టిగా లాగుతున్నది అతనే.

పాటగాడి చెంప కమిలిపోయింది. అద్దం ఇచ్చి కళ్ళు మూయమంటే పళ్ళు బిగించాడు, మెడ నరాలు తేలాయి, ఎడమ కన్ను గుంటలోకి పోయింది. కుడి కన్ను అలాగే చూస్తోంది. నోరు మునుపటికంటే ఎడమకి పోయింది.

"ఇది వల కాదు" అన్నాను. "మీరు ఎంత గట్టిగా లాగితే మంచి వైపు అంత బలంగా గుంజుకుంటుంది. నరం దారి తప్పితే నవ్వినప్పుడల్లా కన్ను మూసుకుంటుంది. అప్పుడు నిజంగానే జన్మంతా కన్ను కొడతాడు."

భార్య ఇంట్లోంచి వచ్చింది. "సెప్పినాను ఈల్లకి, ఒల్లకోండిరా అని. ఇన్నారు కాదు."

"నువ్వు గదేటి లాగమన్నావు?" అన్నాడు పాటగాడు.

"నానెప్పుడన్నాను?"

"ఆసుపత్రిల కరెంటు పెట్టట్లేదు, మనమన్నా లాగుదుమని అన్లేదేటి నువ్వు?"

ఆవిడ మాట మార్చి నాకు కొబ్బరి బొండాం కొట్టించింది. దాహంగా ఉంది కాబట్టి తాగాను. రాజీపడ్డానని కాదు.

ఆ రోజు నుంచి ఒక కట్టడి పెట్టాను. ఆయన మొహం మీద ఇంకెవరి చెయ్యీ పడకూడదు. అద్దం, ఆయన, ఒక వేలు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. అలసిపోతే ఆపెయ్యాలి. జీవితమంతా అరిచి బతికిన మనిషికి ఆవగింజంత కదలడం ఎంత శిక్షో మీరు ఊహించుకోండి. అద్దంలో ఏమీ కదలడం లేదని విసుక్కునేవాడు. "రాయికి దణ్ణమెట్టినట్టున్నాది" అనేవాడు. "రోజూ ఇలగే సూసుకుంట కూకుంటే నా మొకం నాకే ఎగటేసిపోతన్నాది." వస్తూనే ఉన్నాడు మాత్రం, ఎందుకంటే మానేస్తే నేను మళ్ళీ వాళ్ళ ఊరు వస్తానని తెలుసు.

మొదట కదిలింది ముక్కు పక్క. దాన్ని చూసింది ఆయనా కాదు, నేనూ కాదు. భార్య చూసింది. నా గదిలో ఆయన ఎదురుగా కూర్చుని ఎండు చేపల బేరం గురించి ఏదో తిడుతూ, సగంలో ఆగిపోయింది. "మళ్ళీ సెయ్యి" అంది. చేశాడు. ముక్కు కుడి పక్క చిన్న ముడత. ఆవిడ లేచి వెళ్ళి గుమ్మం బయట నిలబడింది, చాలాసేపు లోపలికి రాలేదు. సరిగ్గా అప్పుడే జనరేటరు మొదలైంది. ఏడ్చిందో లేదో నాకు వినబడలేదు.

వేట మొదలయ్యేనాటికి నోరు దాదాపు తిన్నగా వచ్చింది. నుదుటి మీద గీతలు పడుతున్నాయి. కుడి రెప్ప మెల్లగా దించితే వాలుతోంది, మామూలుగా ఆర్పేటప్పుడు మాత్రం ఎడమదానికంటే వెనకబడుతోంది. అంటే చూసేవాళ్ళకి ఇంకా కన్ను కొట్టినట్టే. ఇంకొన్ని వారాలు ఆగమని ఊరి పెద్దకి కబురు పెట్టాను. సముద్రం ఆగదన్నాడట.

ఆ రోజు నేను సెలవు పెట్టి వెళ్ళాను. ఏం జరిగిందో ఎవరూ వచ్చి నాకు చెప్పరని తెలుసు కాబట్టి.

పడవలు వచ్చాయి. ఇసకలో మొదటి కుప్ప పోశారు, వంజరాలే. షావుకార్లు చుట్టూ చేరారు కానీ ఎవరూ చెవి గోక్కోవడం లేదు. పలాస షావుకారు బాహాటంగానే అనేశాడు. "ఎవరికి గీటినాడో ఎవరికి గీటలేదో మాకు తెలీదు. మొన్నట్లాగ మళ్ళీ తన్నుకోలేము బాబూ."

అందరూ బావమరిది వైపు చూశారు. బావమరిది ఇసక వైపు చూశాడు.

పాటగాడి భార్య గంప దించి ముందుకొచ్చింది. "ఒంటి కన్ను లెక్కల్లేదు. రెండు కళ్ళూ మూస్తేనే పాట ఖాయం. ఒకటే మూసుకుంటే ఊరికే రెప్పేసినట్టు. తేలిపోయింది గదా."

"రెండోది మూసుకోకపోతే?" అన్నాడు షావుకారు.

ఊరి పెద్ద చుట్ట తీశాడు. "మూసుకోకపోతే పాట దాని తమ్ముడిది. ఇంకేటి లేదు."

పాట మొదలైంది. గొంతు పాత గొంతే, ఒడ్డంతా మోగింది. చెవులు గోక్కున్నారు, తువ్వాళ్ళు సర్దుకున్నారు, ధర పైకెళ్ళింది. ఆఖరికి పలాస షావుకారు దగ్గర ఆగింది. పాటగాడు అతని వైపు తిరిగి కళ్ళు మూశాడు. కంగారులో నేను చెప్పిందంతా పోయింది. పళ్ళు బిగించి, మెడ బిర్రబిగించి మూశాడు. అంతమంది జనం ఒక మనిషి కుడి రెప్పని చూస్తూ నిలబడడం నేను మళ్ళీ చూడలేదు.

షావుకారు వంగి, కింద నుంచి పైకి చూశాడు. "తెల్లగా అవుపిస్తంది" అన్నాడు.

"మూసుకున్నాది" అంది భార్య.

"లేదు."

ఊరి పెద్ద నా వైపు తిరిగాడు. "డాట్రమ్మా, నువ్వు సెప్పు. మూసుకున్నట్టా, లేనట్టా?"

నేను దగ్గరికెళ్ళి చూశాను. రెప్ప కింద సన్నటి తెల్ల గీత ఉంది. ఉన్నది లేదనడం నాకు చేతకాదు.

"మూసుకోలేదు" అన్నాను.

ఆ భార్య నన్ను చూసిన చూపు ఉంది చూశారా, సూపరింటెండెంటు గారు నాకు చేసిన అవమానాలన్నీ కలిపినా దానికి సరిపోవు. బావమరిది మెడలోంచి తువ్వాలు తీసి బావకి ఇవ్వబోయాడు, మొహం తుడుచుకొమ్మని కాబోలు.

"ఆగండి" అన్నాను. "మళ్ళీ మూస్తాడు. ఒరే అబ్బీ, బిగపట్టకు. ముందు కిందకి చూడు. చేపల్ని చూడు." నాకంటే పెద్దవాణ్ణి ఒరే అన్నానని అప్పుడు నాకు తెలియలేదు.

ఆయన ఊపిరి వదిలాడు. భుజాలు దిగాయి. తల కొంచెం వంచి, కాళ్ళ దగ్గరున్న వంజరాల మీదకి చూపు దించాడు. చూపుతో పాటు కుడి రెప్ప సగం దిగింది. అక్కడ కాసేపు ఆగింది. తర్వాత, ఎవరూ లాగకుండా, ఎవరూ అరవకుండా, మిగతా సగం కూడా దిగి ఎడమదాని పక్కన ఆనింది.

షావుకారు ఈసారి మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. లేచి, ఇసక దులుపుకుని, కుప్ప మీద చెయ్యేశాడు.

"పాట ఖాయం" అన్నాడు ఊరి పెద్ద.

సాయంత్రం పాటగాడు ఊరందరి ముందూ నాలుగు మాటలు మాట్లాడాడు. గంగమ్మ తల్లి దయన్నాడు. పెద్ద డాట్రు మాత్రలు గట్టివన్నాడు. పెళ్ళాం ఓర్పన్నాడు. ఆఖరున, "మా బావమరిది అంత కష్టపడి లాగబట్టి గదా నా మొకం తిన్నగొచ్చింది" అన్నాడు. బావమరిది కళ్ళు తుడుచుకున్నాడు. నేను అక్కడే, ముందు వరసలోనే కూర్చుని ఉన్నాను. మర్నాడు ఆసుపత్రికి మంచి వంజరం ఒకటి వచ్చింది. సూపరింటెండెంటు గారింటికి వెళ్ళింది.

ఈ మధ్య బంధువుల పనిమీద సోంపేట వెళ్ళి, ఆ ఒడ్డు దాకా పోయొచ్చాను. అప్పటి పాటగాడు లేడు. ఎవరో ముప్ఫై ఏళ్ళ మనిషి పాట నడుపుతున్నాడు. ప్రతి కుప్ప దగ్గరా, ఖాయం చేసే ముందు, తల కొంచెం వంచి రెండు కళ్ళూ మెల్లగా మూస్తున్నాడు. షావుకార్లు అంతదాకా కదలడం లేదు. పాట అయ్యాక దగ్గరికెళ్ళి, ఎందుకలా మూస్తావని అడిగాను.

"గంగమ్మకి దణ్ణం మామ్మా. మా తాతల కాడ్నించీ వత్తన్నాది."

"దణ్ణం కాదు. మొహం నరం దెబ్బతిన్నవాళ్ళకి నేర్పే వ్యాయామం. ఇక్కడ నేర్పింది నేను" అన్నాను.

అతను నన్ను జాలిగా చూసి, చెయ్యి పట్టుకుని పాక నీడలోకి తీసుకెళ్ళాడు. "ఎండల నిలబడకు మామ్మా. తల తిరుగుద్ది."

ఇంకో సంగతి. అతను చూపు కిందకి దించకుండానే కళ్ళు మూస్తున్నాడు. అది తప్పు. ఆ మాట కూడా చెప్పే వచ్చాను.